టీచరమ్మ ఇంటి మెట్టు రాయి

టీచరమ్మ పోయిన కబురు నాకు ఒక తిండి ఫోటో కింద వచ్చింది. ఆవిడ కొడుకు హోటల్ వాళ్ళు అందరి ఫోన్లకీ పంపే వాట్సాప్ మెసేజ్ అది. పైన వెన్నలో వేయించిన కుడుములు, వాటి మీద దోరగా వేగిన ఉల్లిపాయలు. కింద నాలుగు ముక్కలు: "మా వంటింటికి ప్రాణం పోసిన బామ్మ ఇక లేరు. వారసత్వమే ఊపిరిగా బతికిన ఆమె జ్ఞాపకార్థం శుక్రవారం సాయంత్రం కలుద్దాం. టేబుల్ ముందుగా బుక్ చేసుకోగలరు." దుబాయ్‌లో, అల్ కుసైస్ నుంచి డ్యూటీకి వెళ్తూ బస్సులో నిలబడి చదివాను. మనిషన్నాక ముందు ఏడుపు రావాలి. నాకు ముందు రోత పుట్టింది. ఏడుపు రెండు స్టాపులు దాటాక వచ్చింది.

ఆ మెసేజ్‌లో ఒక్క మాటా నిజం కాదు. ఆవిడకి వంట రాదు. గుడ్డు ఉడకబెట్టడం తప్ప ఏమీ చేతకాదని తనే చెప్పేవారు, ఆ గుడ్డు కూడా పగలకుండా దిగిన రోజు పండగే. బామ్మ కూడా కాదు, కొడుక్కి పిల్లల్లేరు. ఇక వారసత్వం సంగతి. ఆ మాట ఎవరి నోట విన్నా ఆవిడ రెండు వేళ్ళతో ముక్కు మూసుకునేవారు. టీవీలో విన్నా సరే, భోజనం మధ్యలో అయినా సరే. "పాతవాటిని శుభ్రంగా కడిగి అమ్మకానికి పెట్టేవాళ్ళ మాట అది సిస్టర్," అనేవారు. "కడిగిన చరిత్ర ఫినాయిల్ కంపు కొడుతుంది."

ఆవిడ పోలండ్‌లో ఒక చిన్న ఊళ్ళో చరిత్ర టీచరు. నేను పశ్చిమగోదావరి నుంచి వచ్చిన నర్సుని, ఇక్కడ ఇళ్ళకి వెళ్ళి ముసలివాళ్ళని చూసుకునే డ్యూటీ నాది. మూడేళ్ళకి పైగా ఆవిడ దగ్గర చేశాను. ఆవిడ గురించి ఆ కుడుముల మెసేజ్ ఒక్కటే మిగిలిపోతే నాకు అన్నం సయించదు, అందుకని రాస్తున్నాను. ఆ ఊరి పేరు రాయలేను. నోరు తిరగని పేరు. నేర్పీ నేర్పీ విసుగొచ్చి "మా ఊరు అను, చాలు" అన్నారు టీచరమ్మ. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య అది మా ఊరే అయింది.

కరోనా ముందటి చలికాలంలో, తన ఇంటి గుమ్మం ముందు మెట్టు మీద మంచుకి జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. కొడుకు వెళ్ళి, ఆపరేషన్ చేయించి, ఎండ కాస్తే ఎముక అతుకుతుందని దుబాయ్ తెచ్చాడు. వేసవికి పంపేస్తానన్నాడు. వేసవి వచ్చేసరికి విమానాలన్నీ ఆగిపోయాయి. అవి మళ్ళీ ఎగిరినా ఆవిడని మాత్రం పంపలేదు, ఈ నెల వచ్చే నెల అంటూనే గడిపాడు. కోడలు వేరే దేశం పిల్ల, అందుకని ఆ ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడేవారు. టీచరమ్మ ఇంగ్లీషు రిటైరయ్యాక నేర్చుకున్నది. దూర దేశాల నుంచి తాతల సమాధులు వెతుక్కుంటూ ఆ ఊరికి వచ్చేవాళ్ళతో మాట్లాడాలని, ఆ వయసులో చిన్న పిల్లల పుస్తకాలు కొనుక్కుని నేర్చారు. ఆవిడ మాటలు నాకు తెలుగులోనే గుర్తున్నాయి, ఎలా మారాయో తెలీదు.

రోజూ పొద్దున నడక చేయించాలి. వాకర్ పట్టుకుని గదిలో అటూ ఇటూ. మొదట్లో రెండడుగులకే మొండికేసేవారు. "ఈ గదిలో ఎక్కడికని నడవను? అటు గోడ, ఇటు గోడ." ఒకరోజు విసుగెత్తి, "పోనీ మీ ఊళ్ళో నడవండి టీచర్," అన్నాను. ఆ మర్నాటి నుంచి గది ఊరైపోయింది. మంచం సంత జరిగే చదరం. కిటికీ చర్చి. బాత్రూమ్ వైపు ఏరు. బట్టల అలమర యూదుల ప్రార్థనా మందిరం.

"ఇవాళ ఎంతవరకు టీచర్?"

"బేకరీ దాకా పోదాం. రొట్టెలు దింపే వేళ."

అలా ఆవిడ కాళ్ళతో నేనూ ఆ ఊరంతా తిరిగాను. గురువారం సంతకి బాతుల్ని గంపల్లో తెచ్చేవారని, దర్జీల వీధిలో మిషన్ల చప్పుడుకి కుక్కలు మొరగడం మానేశాయని, తన అమ్మ చెప్పగా విన్నవి చెప్పేవారు. యుద్ధానికి ముందు ఊళ్ళో సగం మంది యూదులట. ఒక పొద్దున జర్మన్ సైనికులు వాళ్ళందర్నీ చదరంలో నిలబెట్టి, రైలెక్కించి తోలుకుపోయారు. అప్పటికి టీచరమ్మ చంటిబిడ్డ. మళ్ళీ ఎవరూ తిరిగి రాలేదు. ఆ సాయంత్రానికే వాళ్ళ పరుపులు, కుట్టుమిషన్లు ఇరుగుపొరుగు ఇళ్ళలోకి చేరాయి. మందిరం ధాన్యం గిడ్డంగి అయింది, తర్వాత సినిమా హాలు, ఆ తర్వాత ఫర్నిచర్ కొట్టు.

"నేను పదేళ్ళప్పుడు అందులో సినిమా చూసి పడీ పడీ నవ్వాను," అన్నారు అలమర ముందు వాకర్ ఆపి. "తెర కట్టిన గోడ వైపు తిరిగే వాళ్ళు ప్రార్థన చేసేవారని నలభై దాటాక తెలిసింది. ఇప్పుడు ఊరి మొదట్లో పెద్ద బోర్డు పెట్టారు, వందల ఏళ్ళ చరిత్ర గల పట్టణం అని. ఈ ముక్క బోర్డు మీద లేదు."

నాకు ఒక అలవాటుంది. గడప తొక్కను. మేము క్రైస్తవులం, మా అమ్మ గడపకి పసుపూ బొట్టూ పెట్టదు గానీ, తొక్కితే మాత్రం వీపు విమానం మోత మోగించేది. ఆ విల్లాలో టీచరమ్మ గది గుమ్మానికి అడుగున సన్నటి పాలరాతి పట్టీ ఉంది. మందుల ట్రే పట్టుకున్నా, చీపురు పట్టుకున్నా, నా కాలు దానంతటదే దాన్ని దాటి పడుతుంది. ఆవిడ అది గమనిస్తూ వచ్చారట.

"సిస్టర్, ఆ రాయి మీద ఎందుకు కాలు పెట్టవు?"

"గడప టీచర్. మా వైపు తొక్కం."

"తొక్కితే ఏమవుతుంది?"

"ఏమవుతుందో తెలీదు టీచర్. ఇంటికి మర్యాద కాదు అంతే."

ఆవిడ మొహం పాలిపోయింది. బీపీ పడిపోయిందేమోనని మిషన్ తెచ్చాను. ఆవిడ నా చెయ్యి నెట్టేసి, కూర్చోమన్నారు. ఆ రోజు చెప్పారు, ఊళ్ళో తన ఇంటి మెట్టు రాయి సంగతి.

యుద్ధంలో జర్మన్లు యూదుల శ్మశానంలో రాళ్ళు పీకించి రోడ్లకి వేయించారట. వాళ్ళు పోయాక ఊరివాళ్ళు మిగిలినవి తెచ్చుకున్నారు. పందుల దొడ్డికి, బావి గట్టుకి, కత్తులు నూరే చక్రానికి. రాయి మంచిది, పైగా అడిగేవాళ్ళు లేరు. టీచరమ్మ నాన్న ఒకటి బండి మీద తెచ్చి, అక్షరాలు కిందికి తిప్పి, గుమ్మం ముందు మెట్టుగా వేశాడు. ఆవిడ దాని మీద తొక్కుడుబిళ్ళ ఆడారు. దాని మీదుగా పెళ్ళికూతురై బయటికి వెళ్ళారు, విధవరాలై తిరిగొచ్చారు. ఒక ఏడు మంచు కరిగి నేల ఉబ్బి రాయి ఒక పక్కకి లేచింది. సరిచేద్దామని వంగి చెయ్యి పెడితే కింద చెక్కిన గీతలు తగిలాయి. అద్దం పెట్టి చూశారట. యూదుల అక్షరాలు, వాటి పైన రెండు కొవ్వొత్తుల సెమ్మెలు.

"సెమ్మెలు చెక్కితే ఆడమనిషి సమాధి అని అర్థం," అన్నారు. "ఒక ఆడదాని మొహం మీద నలభై ఏళ్ళు బూట్లు తుడుచుకున్నాను సిస్టర్. నాకు డోకొచ్చింది. నిజంగానే, అక్కడే, పూలచెట్ల పక్కన."

అక్కడి నుంచి ఆవిడ ఊరి మీద పడ్డారు. బళ్ళో పిల్లల్ని తీసుకుని ఇల్లిల్లూ తిరిగి, ఎవరి దొడ్లో ఏ రాయి ఉందో చూసి, బతిమాలి, తిట్టి, దొరికినవన్నీ శ్మశానానికి మోయించి నిలబెట్టించారు. ఊరివాళ్ళు తలుపు మీద బూతులు రాశారు. సంతలో బాతులమ్మే ఆవిడ మొహం మీద ఉమ్మిందట. ఇవన్నీ ఆవిడ నవ్వుతూ చెప్పేవారు. నవ్వకుండా చెప్పింది ఒక్కటే. వాళ్ళ అమ్మ మాత్రం తమ ఇంటి రాయి కదపనివ్వలేదు. "మీ నాన్న వేసిన రాయి. నేను పోయేదాకా ఆగు," అని ఒట్టు వేయించుకుంది. ఆ తల్లి నిండా నూరేళ్ళు బతికింది. ఆవిడ పోయిన మొదటి చలికాలమే, ఇక మంచు కరగ్గానే రాయి లేపిద్దామనుకుంటుండగా, టీచరమ్మ దాని మీదే జారి పడ్డారు.

"ఊళ్ళో రాళ్ళన్నీ తిరిగి వెళ్ళాయి సిస్టర్, మాది తప్ప. అది నిలబడేదాకా నేను చచ్చినా నాకు తీరిక ఉండదు."

ఆవిడ నన్ను అడిగిన కోరిక అదొక్కటే. కొడుకుని అడిగినదీ అదొక్కటే. బంగారం అడగలేదు, ఆస్తి అడగలేదు. ఒక రాయి లేపి, ఊరి చివర దాకా తీసుకెళ్ళి నిలబెట్టమన్నారు.

మా వైపు నవంబరు రెండున సమాధుల పండగ. సమాధుల దొడ్డికి వెళ్ళి, కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, పొద్దు వాలాక కొవ్వొత్తులు వెలిగిస్తాం. వాళ్ళకి అంతకు ముందు రోజే. మొదటిసారి అది తెలిసినప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ప్రతి ఏడూ ఆ రెండు సాయంత్రాలూ బాల్కనీలో గాజు గ్లాసుల్లో వెలిగించేవాళ్ళం. వాళ్ళమ్మకి ఒకటి, మా నాన్నకి ఒకటి, రాయి కింద ఉన్న ఆవిడకి ఒకటి. కోడలు వచ్చి మైనం వాసన కర్టెన్లకి పడుతుందని చెప్పి వెళ్ళేది. ఆ మనిషికి కర్టెన్లంటే ప్రాణం.

సార్, అంటే ఆ కొడుకు, లోకం మళ్ళీ తెరుచుకున్నాక హోటల్ పెట్టాలనుకున్నాడు. "పాత పోలండ్ ఇల్లు" లాగా ఉండాలట. ఎక్కడో చేయించడమెందుకని తల్లి ఇంటినే ఊడబెరికాడు. తలుపులు, పొయ్యి మీది పింగాణీ పెంకులు, బల్లలు, అన్నీ కంటైనర్లో ఎక్కించాడు. తల్లికి చెప్పలేదు. కంటైనర్ వచ్చాక, నేను తమ్ముడూ అని పిలిచే ఇంటి డ్రైవర్ ద్వారా మాకు తెలిసింది. ఆ అబ్బాయిది జగిత్యాల వైపు, సార్ దగ్గర మొదట్నించీ పని చేస్తున్నాడు. టీచరమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్ళినప్పుడల్లా ఆవిడ కాళ్ళు తనే ఎత్తి బండిలో పెట్టేవాడు. ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, హోటల్ కాడ లొల్లి లొల్లి అయితుంది. గా కంటైనర్ల ఒక రాయి అచ్చింది. గుమ్మం ముందల మెట్టు ఎయ్యిమని చెప్పిండు సార్. సజ్జా లేబర్ క్యాంపు నుంచి అచ్చిన మేస్త్రీ మనోడే, నిర్మల్ దిక్కు. ఆయన తిప్పి చూస్తే అక్షరాలున్నయి. గిది శిలాఫలకం, గిట్ల కాళ్ళ కింద ఏస్తరా ఎవరన్న, సార్‌కు ఎర్కలేక చెప్పిండు అనుకొని గోడకు నిలవెట్టి సిమెంటు వెట్టిండు. పైన రెండు మొలలు గూడ కొట్టిండు."

"మొలలెందుకు?"

"పరదాకక్కా. మినిస్టరో ఎవరో అచ్చి గుంజుతడు గదా."

ఇది మనవాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు. ఊరికో శిలాఫలకం, దానికో పరదా, ఎవరో పెద్దమనిషి వచ్చి తాడు లాగడం చూసి చూసి, చదవరాని అక్షరాలున్న రాయి కనబడితే మేస్త్రీ చేతులు దాన్ని గోడకే నిలబెట్టాయి. డ్రైవర్ తమ్ముడు ఫోటో పంపాడు. గుమ్మం పక్కన, గోడకి, నిలువుగా, ఆ రెండు సెమ్మెలు పైకి. "అరబ్బీ లెక్కనే ఉంది గని అరబ్బీ గాదు" అని కింద రాశాడు.

ఫోన్ టీచరమ్మకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఊళ్ళో రాళ్ళు నిలబెట్టించిన రోజుల్లో నేర్చుకున్న ఆ అక్షరాల మీద వేలితో కుడి నుంచి ఎడమకి మెల్లగా తడుముకుంటూ వెళ్ళి, ఒక పేరు చదివారు. అప్పటిదాకా ఆవిడకి ఆ పేరు తెలీదు, అద్దంలో సగమే కనబడిందట. తర్వాత పరదా సంగతి చెప్పాను. నవ్వారు. పొట్ట పట్టుకుని నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చారు.

"నేను చెయ్యలేనిది మీ మేస్త్రీ చూసీ చూడగానే చేశాడు. ఆయనకి ఏదైనా పెట్టాలి సిస్టర్. ఏం తింటారు వాళ్ళు?"

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. సార్ వెళ్ళి మేస్త్రీని నానా మాటలూ అని, రాయి పీకించి, అక్షరాలు కిందికి వేయించి, మెట్టు చేయించాడు. పక్కనే ఇత్తడి రేకు మీద "మా బామ్మ ఇంటి అసలైన గుమ్మపు మెట్టు" అని రాయించి బిగించాడు. అసలైన అన్న మాట చూసి నాకు ఒళ్ళు మండింది. ఇంటికి రాగానే తల్లీ కొడుకులకి గొడవైంది. నేను మందులిస్తూ అక్కడే ఉన్నాను.

"అమ్మా, డెబ్భై ఏళ్ళుగా అది మెట్టే. ఇప్పుడు కొత్తగా సమాధి ఎలా అవుతుంది?"

"అది మొదట్నించీ సమాధే. మెట్టు అనుకున్నది మనం."

"ఎవరూ అడగడం లేదు కదా."

"అడిగేవాళ్ళని చంపేశారు కాబట్టి అడగడం లేదు. మీ తాతా ఇదే మాట అన్నాడు."

సార్ ఫోన్ చూసుకున్నాడు. హోటల్ తెరిచే రోజు తల్లి వస్తే బావుంటుందని, అందరూ ఫోటోలు అడుగుతున్నారని అన్నాడు. ఆ మనిషిని చూస్తే నాకు చెత్తబుట్ట మూత తెరిచినట్టుండేది. అరిచేవాడు కాదు, కొట్టేవాడు కాదు, తల్లికి మంచి మందులు, మంచి పరుపు అన్నీ అమర్చాడు. ఆవిడ అడిగినది తప్ప.

హోటల్ తెరిచిన సాయంత్రం టీచరమ్మ వస్తానని తనే అన్నారు. నీలం గౌను వేశాను, జుట్టు దువ్వాను. డ్రైవర్ తమ్ముడు బండి ఆపాడు. నేను వీల్‌చైర్ తోసుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాను. లోపల సంగీతం, ఫోటోగ్రాఫర్లు, పూలదండలతో నిలబడ్డ అమ్మాయిలు. గుమ్మం ముందు ఆ రాయి. వచ్చేవాళ్ళంతా దాని మీద నిలబడి ఇత్తడి రేకు చదివి, ఎంత బావుందో అనుకుంటూ లోపలికి పోతున్నారు. ఆవిడ చెయ్యెత్తారు. నేను ఆగాను.

"తొక్కకు," అన్నారు.

"తొక్కను టీచర్," అన్నాను.

సార్ వచ్చాడు. తల్లితో నవ్వుతూనే మాట్లాడాడు, ఫోటోలు తీస్తున్నారు కాబట్టి. తర్వాత నాతో, నవ్వు అలాగే ఉంచి, "సిస్టర్, లోపలికి తొయ్యి," అన్నాడు. నేను చక్రాలకి బ్రేకు వేశాను. నా జీవితంలో డ్యూటీలో మాట వినకపోవడం అదే మొదలు. ఆవిడ ఆ గుమ్మం బయట, ఉక్కలో, వచ్చే ప్రతి మనిషికీ వినబడేలా "అది సమాధి" అని చెబుతూ కూర్చున్నారు. ముసలావిడ, ఏదో గొణుగుతోంది అనుకుని చాలామంది తల మీద ముద్దుపెట్టి, రాయి తొక్కి, లోపలికి వెళ్ళారు. దానికంటే తిట్టినా బావుండేది.

మర్నాడు ఏజెన్సీ నుంచి ఫోన్. "ఖలాస్. ఆ ఇంటి డ్యూటీ అయిపోయింది. యల్లా, బ్యాగ్ సర్దుకో." వెళ్ళేటప్పుడు టీచరమ్మ వాకర్ పట్టుకుని గది గుమ్మం దాకా వచ్చారు. పాలరాతి పట్టీ దగ్గర ఆగి, తుంటి నొప్పి పెడుతున్నా కాలు ఎత్తి, దాన్ని తొక్కకుండా ఇవతలికి వేశారు. నన్ను కౌగిలించుకున్నారు. ఆ తర్వాత నేను ఆవిడని చూడలేదు. ఫోన్ చేస్తే కొత్త నర్సు, కోడలు మేడమ్ వద్దన్నారని చెప్పేది.

ఆవిడని విమానంలో వాళ్ళ ఊరికి పంపి, తల్లి పక్కన పూడ్చారట. అంతవరకు దేవుడు మేలు చేశాడు. మనిషి ఇంటికి వెళ్ళింది, రాయి ఇక్కడ హోటల్ గుమ్మంలో ఉంది.

శుక్రవారం జ్ఞాపకార్థ సభకి వెళ్ళాను. టేబుల్ బుక్ చేసుకోలేదు. సంచిలో నీళ్ళ సీసాలు, బంతిపూలు, కొవ్వొత్తులు పెట్టుకున్నాను. గోడ మీద మేస్త్రీ కొట్టిన రెండు మొలలు అలాగే ఉన్నాయి. వాటికి టీచరమ్మ ఫోటో తగిలించి, దండ వేశారు. ఆ ఫోటో దగ్గరగా చూడాలంటే రాయి మీద నిలబడాలి. అందరూ నిలబడుతున్నారు. లోపల మైకులో సార్ గొంతు, "మా అమ్మ వారసత్వం కోసం ప్రాణం పెట్టింది" అంటున్నాడు. నా చెయ్యి దానంతటదే లేచి ముక్కు మూసుకుంది.

నేను గుమ్మం ముందు కూర్చున్నాను. రాయి మీద నీళ్ళు పోసి, నా చున్నీతో తుడిచాను. బూట్ల మట్టి, ఎవరో పారబోసిన జ్యూసు జిగురు, ఒక చూయింగ్ గమ్ కూడా ఉంది, గోటితో గీకాను. మా నాన్న సమాధి ఎలా కడుగుతానో అలాగే కడిగాను. పూలు పెట్టాను. కొవ్వొత్తులు వరసగా వెలిగించాను. హోటల్ వాళ్ళు పెట్టించిన అలంకారం అనుకుని కొందరు ముందు ఫోటోలు తీసుకున్నారు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. తెల్లజుట్టు ఆవిడ ఒకరు వంగి అడిగారు.

"ఇది ఆ టీచర్ కోసమా?"

"కాదు మేడమ్. రాయి కింది వైపు పేరున్న ఆవిడ కోసం. ఇది సమాధి రాయి. తిరగేసి మెట్టు చేశారు. దీన్ని వెనక్కి పంపమని టీచర్ అడిగారు. పంపలేదు."

ఆవిడ ఒక కాలు అప్పటికే రాయి అంచు మీద ఉంది. చూసుకున్నారు. మెల్లగా తీసేశారు. వెనకున్న భర్తకి చెప్పారు, ఆయన ఇంకొకరికి చెప్పాడు. నేను మళ్ళీ ఏమీ అనాల్సిన పని పడలేదు. కొందరు అక్కడి నుంచే వెళ్ళిపోయారు. కొందరు లోపలికి వెళ్ళక తప్పదనుకుని, పట్టు బట్టలతో, మెరిసే బూట్లతో, వెనక సందులోంచి, చెత్త డబ్బాల పక్క నుంచి వంటింటి తలుపు గుండా వెళ్ళారు. సార్ బయటికి వచ్చాడు. ఈసారి నవ్వు లేదు.

"సిస్టర్, లే అక్కడ్నించి."

"మీ అమ్మగారి జ్ఞాపకార్థమే కదా సార్. కొవ్వొత్తులు కొండెక్కేదాకా ఉంటాను."

ఉన్నాను. పోలీసుల్ని పిలుస్తానన్నాడు, పిలవలేదు. పిలిస్తే రాయి సంగతి వాళ్ళకీ చెప్పాల్సి వస్తుంది.

ఏజెన్సీ వాళ్ళు నన్ను పిలిచి గట్టిగా మందలించారు. "వీసా ఇచ్చిన కఫీల్ కోపం తెచ్చుకుంటే ఏమవుతుందో తెలుసా? పరాయి వాళ్ళ రాయి, నీకెందుకు?" నిజమే, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక కొన్నాళ్ళు ఫోన్ మోగినప్పుడల్లా ఏజెన్సీ నంబరేమోనని చూసుకునేదాన్ని. చివరికి ఉంచారు, దూరంగా మఫ్రఖ్ వైపు డ్యూటీ వేసి.

తర్వాత డ్రైవర్ తమ్ముడి ఫోన్ వచ్చింది. "అక్కా, రాయి లేపిండ్రు."

"సార్ మనసు మారిందా?"

"మనసా పాడా. సమాధి కాడ మేం తినం అని టేబుళ్ళు క్యాన్సిల్ చేస్తుండ్రు. గందుకే లేపిండు. ఇప్పుడు గాడ కొత్త బండ ఏసి, గీకి గీకి పాత లెక్క చేస్తుండ్రు."

సిగ్గుతో తియ్యలేదు, వ్యాపారం పోతుందని తీశాడు. ఆ మాట విని నాకు మళ్ళీ అదే రోత. అయినా తీశాడు. రాయి ఇప్పుడు హోటల్ వెనక సందులో గోడకి చేరేసి ఉంది. దాన్ని వాళ్ళ ఊరికి పంపమని ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే సార్‌కి మెసేజ్ పెడుతున్నాను. రెండు నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. నేను మానను. ఆవిడకి తీరిక దొరికేదాకా నాకూ తీరిక లేదు.

మొన్న సమాధుల పండక్కి సెలవు పెట్టి మఫ్రఖ్ నుంచి వెళ్ళాను. సందు మొగలో డ్రైవర్ తమ్ముడు నిలబడి ఉన్నాడు. చెత్త డబ్బాలు ఎదుటి గోడ వైపుకి జరిగి ఉన్నాయి. వంటవాళ్ళు ఎవరూ చెప్పకుండానే జరిపారట, కడుగు నీళ్ళు కూడా అటు పారబొయ్యడం లేదట. రాయి దగ్గరికి వెళ్తే అది కనబడలేదు. ఒక గళ్ళ గుడ్డ, వంటింట్లో చేతులు తుడుచుకునే రకం, ఉతికినది, రెండు మొలలకి కట్టి దాని మీద వేలాడుతోంది.

"మేస్త్రీ అచ్చి పొయ్యిండు అక్కా," అన్నాడు తమ్ముడు. "నూనె మరకలు పడ్తయని పరదా కట్టిండు. మీ అక్క అచ్చినంక గుంజుమను అన్నడు."

అజాన్ అయిపోయింది. సందులో వెలుతురు తగ్గుతోంది. కొవ్వొత్తి నేల మీద పెట్టి వెలిగించాను. తర్వాత టీచరమ్మ నాకు చదివి వినిపించిన ఆ పేరు, నోరు తిరిగినంత మటుకు, పైకి అని, పరదా పక్కకి లాగాను. రాయి నిలబడి ఉంది. పైన చెక్కిన రెండు సెమ్మెల మీద కింది నుంచి వెలుగు పడింది.